గుంజు మేస్త్రి బండి

నేను ఒక పికప్ బండిని. ఇప్పుడు ఆ మాట అనుకోవడం కొంచెం ఎక్కువే. టైర్లు ఎప్పుడో పోయాయి, మొన్న ఇంజను కూడా ఊడదీసుకుపోయారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత ఇనుము కొట్టు వెనక సిమెంటు ఇటుకల మీద కూర్చోబెట్టారు. పక్కన సగం స్కూలు బస్సు, ఎదురుగా ఎవరిదో ఆటో పైకప్పు. గ్యాసు కట్టరు పట్టుకుని ఒకడు రేపో మాపో వస్తాడు. వాడు వచ్చేలోగా ఒక మాట చెప్పాలి.

ఒక మాట అంటే నిజంగా ఒక మాటే. రెండక్షరాలది. దాన్ని సరిగ్గా వినకపోవడం వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. చచ్చిపోయాక అతని నోట్లోంచి ఆ మాట తీసేసి ఇంకో మాట పెట్టారు. మొదటిది పొరపాటు. రెండోది మనుషుల పని.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోను. మీరు పుట్టిన రోజు మీకెంత గుర్తుందో నాకూ అంతే. తెలుగు మాట వినపడని ఎక్కడో ఫ్యాక్టరీలో, ఒకే రంగు ఒకే మొహం ఉన్న బండ్ల వరసలో ఒకటిగా బయటికొచ్చాను. నన్ను మొదట కొన్నది కైకలూరు దగ్గర ఒక చేపల చెరువుల ఆసామి. కొన్న రోజు నాకు పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, నిమ్మకాయలు తొక్కించాడు, మెళ్లో దండ వేసి నా ముందు నిలబడి ఫొటో దిగాడు. నేను అదంతా నిజమనుకున్నాను. వారం తిరక్కుండా నా వీపు మీద ఐసు గడ్డలూ చేపల ట్రేలూ ఎక్కాయి. కారే నీళ్లకి నా అడుగు రేకు తుప్పు పట్టింది. కంపు వదలదు. దండ ఎండిపోయి అద్దానికి వేలాడుతూ ఉండేది, దాన్ని తీసి పారేసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. తుప్పు బాగా బయటపడ్డాక, ‘కంపు కొడుతోంది, వదిలించుకోండ్రా’ అన్నాడు ఆసామి. కంపు నాది కాదు, వాడి చేపలది. కానీ బండి ఎదురు మాట్లాడదు కదా.

అలా నేను సైదులు చేతికి వచ్చాను.

సైదులు తెలంగాణలో తుంగతుర్తి వైపు మనిషి. చెరువులు తవ్వే పొక్లెయిన్ వెంట హెల్పరుగా కృష్ణా జిల్లాకి వచ్చాడు. తవ్వకం అయిపోయి పొక్లెయిన్ వెళ్లిపోయినా ఇతను మాత్రం కొర్లపాలెంలో ఒక ట్రాక్టర్ షెడ్డులో చేరి, పని నేర్చుకుని, షెడ్డు ఎదురింటి తిరుపతమ్మని పెళ్లాడి అక్కడే ఉండిపోయాడు. ముసలి మేస్త్రి పోయాక షెడ్డు ఇతనిదే అయింది. ఇక్కడి అన్నం అలవాటైంది, ఇక్కడి దోమలూ అలవాటయ్యాయి. మాట మాత్రం తుంగతుర్తి దాటి రాలేదు.

నన్ను కొన్న రోజు అతను పసుపు రాయలేదు. కిందకి దూరి, వెల్లకిలా పడుకుని, నా అడుగంతా టార్చి వేసి చూశాడు. "మస్తు కష్టపెట్టిన్రు నిన్ను," అన్నాడు. నాతోనే అన్నాడు, పక్కన ఎవరూ లేరు. ఆ తర్వాత తుప్పంతా గీకి, అడుగున కొత్త రేకు అతికించాడు. చేపల కంపు పోయి డీజిలు వాసన, గ్రీజు వాసన పట్టుకున్నాయి. నా జాతికి అవే అత్తరు.

పనేమిటో చెప్తాను. ట్రాక్టర్ పొలంలో ఆగిపోతుంది. రైతు ఫోన్ చేస్తాడు. ఎవడు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే, "నిన్నటిదాకా బానే ఉంది మేస్త్రీ." నిన్నటిదాకా బాగుండని ట్రాక్టర్ని నేను ఒక్కదాన్నీ చూడలేదు. జాకీలు, స్పానర్ల పెట్టె, గొలుసు నా వీపు మీద పడేసుకుని బయల్దేరతాం. డీజిలు పైపులో గాలి చేరినా, బెల్టు తెగినా అక్కడే బాగుచేసి వచ్చేస్తాం. అదే క్లచ్ పోయిందనుకోండి, ట్రాక్టర్ని నడుముకి రెండుగా విడగొట్టాలి, ఇంజను ఇటు, గేరుబాక్సు అటు. అది బురదలో అయ్యే పని కాదు, షెడ్డుకి తేవాలి. తెచ్చేది నేను. ముందు నేను, నా వెనక గొలుసు, ఆ వెనక నాకంటే బరువైన ట్రాక్టరు. నా స్టీరింగు దగ్గర నాంచారయ్య.

నాంచారయ్య తిరుపతమ్మ తమ్ముడు. చదువు అబ్బలేదు, సేద్యం నచ్చలేదు. బావ దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. మంచివాడే. ఈ మాట మళ్లీ అంటాను, గుర్తుపెట్టుకోండి. చెడ్డవాళ్లు చేసేవాటిని తట్టుకోవచ్చు.

పొలం నుంచి ట్రాక్టర్ని గట్టు ఎక్కించేటప్పుడు ఒక్క ఊపున లాగకూడదు. జానెడు లాగాలి, ఆగాలి. ఆగినప్పుడు సైదులు వంగి పెద్ద చక్రం వెనక చెక్క దిమ్మ పెడతాడు. మళ్లీ జానెడు లాగాలి, మళ్లీ దిమ్మ. కదలమనడానికి అతని మాట ‘గుంజు’. ఆపమనడానికి ‘ఆగు’. గుంజు, ఆగు, గుంజు, ఆగు. గట్టు మీదికి వచ్చేదాకా ఆ రెండు మాటలే.

మొదట్లో నాంచారయ్యకి నవ్వాగేది కాదు.

"గుంజు గుంజు అంటావేంటి బావా? నేనేమన్నా దొంగతనానికొచ్చానా, ఎవరి దగ్గరన్నా గుంజుకుపోడానికి? శుభ్రంగా లాగు అనొచ్చుగా!"

"లాగంటే మా దిక్కు చెడ్డీరా. నడి పొలంల నీకు చెడ్డీ తొడగాల్నా?"

నాట్లేసే ఆడవాళ్లు విని పకపకా నవ్వారు. సైదులు నవ్వలేదు. దిమ్మ చంకలో పెట్టుకుని నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"నవ్వులాట కాదురా బామ్మర్దీ. ఇంజను మోతల లాగు, ఆగు రెండూ ఒక్క తీర్గనే ఇనవడ్తయ్. నేను చక్రం ఎనకాల ఉంట. గుంజు అంటే గుంజు. ఇంకేది ఇనవడ్డా ఆగు. సమజైందా?"

"అయింది బావా."

"అద్దం దించు. తల బయట పెట్టు. నా చెయ్యి చూడు."

ఇదీ అతని పద్ధతి. ఎండయినా వానయినా నా కుడివైపు అద్దం దిగే ఉండాలి.

ఊరు ఊరుకుంటుందా? అతన్ని గుంజు మేస్త్రి చేసేసింది. సైదులు అంటే తెలియనివాళ్లకి కూడా గుంజు మేస్త్రి అంటే తెలుసు. పిల్లలు నా వెనక పరిగెడుతూ ‘గుంజూ గుంజూ’ అని అరిచేవాళ్లు. ఒక దసరాకి ఆయుధపూజ ముందు నాంచారయ్య నన్ను పెయింటరు దగ్గరికి తీసుకెళ్లి, నా వెనక డోరు మీద పసుప్పచ్చ అక్షరాలతో ‘గుంజు మేస్త్రి’ అని రాయించాడు. కింద చిన్నగా ‘అన్ని రకముల ట్రాక్టర్లు రిపేరు చేయబడును’ అని కూడా. బావకి చెప్పకుండా చేసిన పని. సైదులు షెడ్డులోంచి వచ్చి, నా వెనక నిలబడి కూడబలుక్కుంటూ చదివాడు.

"గిదేందిరా, నా పరువు తీస్తున్నవ్!" అన్నాడు. కానీ ఆ సాయంత్రం ఎవరూ చూడనప్పుడు చొక్కా అంచుతో ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచాడు. నేను చూశాను.

"ఇంక నీకు శుభలేఖలు కూడా ఆ పేరు మీదే వస్తాయి," అంది తిరుపతమ్మ.

ఆమె నన్ను తిట్టేది. నా సైలెన్సరుకి చిల్లు. ఊళ్లో అందరి బండ్లూ బాగుచేసే మనిషికి సొంత బండి బాగుచేసుకునే తీరిక లేదు.

"నీ బండొస్తంటే కాలవ అవతలికి వినపడుద్ది. కాస్త ఆ గొట్టం సంగతి చూసుకోవయ్యా."

"మంచిదే గద. వస్తున్నట్టు నీకు ఎరుకైతది, అన్నం పెడ్తవ్."

ఆ చిల్లు మీద నవ్వుకున్న నవ్వులన్నీ తర్వాత లెక్కకొచ్చాయి.

అది దమ్ము చేసే రోజులు. కాలవలకి నీళ్లు వదిలారు. వంతుల వారీగా నీళ్లు, నారు ముదిరిపోతోందని అందరికీ కంగారు. బసవపూర్ణయ్య గారని ఆ ఊళ్లో పెద్ద రైతు, అందరూ ఆయన మాట వింటారు. ఆయన ట్రాక్టరు ఇనప దమ్ము చక్రాలతో పొలం దున్నుతుంటే క్లచ్ కాలిపోయి, మురుగు కాలవ పక్కన ఏటవాలులో నిలిచిపోయింది. మేం వెళ్లేసరికి జల్లు పడుతోంది. సైదులు గట్టు మీద నడిచి చూశాడు. మడమ నొక్కితే మట్టి దిగిపోతోంది.

"ఈయాల వద్దు అయ్యగారూ. గట్టు నానింది. రేపు పొద్దుగాల ఇంకో ట్రాక్టర్ తెప్పిద్దాం. రెండు దిక్కుల పట్టి గుంజుదాం."

"రేపంటే నా నీళ్ల వంతు పోద్దయ్యా. ఇయ్యాల బాగుచేసి పెడితే తెల్లారి మళ్లీ దింపుకుంటా."

"గట్టు ఇరుగుతదేమోనని..."

బసవపూర్ణయ్య గారు గొడుగు కింద నుంచి నవ్వారు. "నీ పేరే గుంజు మేస్త్రి గదయ్యా. ఈ మాత్రం గుంజలేవా? పేరు మార్చుకో మరి."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఒక మనిషిని చావుకి తోయడానికి తిట్టక్కర్లేదు, ఇలా నవ్వితే చాలు. సైదులు చొక్కా విప్పి నా వీపు మీద పడేశాడు. ట్రాక్టర్ స్టీరింగు పక్కకి తిరక్కుండా తాడుతో కట్టాడు. గొలుసు తగిలించాడు. దిమ్మ తీసుకుని పెద్ద చక్రం వెనక్కి వెళ్లాడు.

"గుంజు!"

నేను కదిలాను. జానెడు.

"ఆగు!"

దిమ్మ పడింది. ఇలా కొంత దూరం బాగానే వచ్చింది. అప్పుడు జల్లు గట్టిపడింది. నాంచారయ్య తలా భుజమూ తడిశాయి, ఇక సీటు కూడా తడిసేలా ఉంది. చెయ్యి చాపి అద్దం తిప్పే పిడి పట్టుకున్నాడు. అద్దం పైకి లేచింది. పూర్తిగా.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ పిడి చుట్టూనే ఉంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. వాన పడితే ఏ మనిషైనా చేసేదే. అద్దం మీద నీళ్లు కారుతుంటే పక్క అద్దంలో సైదులు చెయ్యి మసకగా ఒక మరకలా కనపడింది.

"గుంజు!" అని వినపడింది. గుంజాడు. ట్రాక్టర్ ముందు చక్రం గట్టు అంచు ఎక్కింది. అంచు మట్టి బిళ్లలా విడిపోవడం సైదులు చూశాడు. చక్రం వెనక నుంచే చెయ్యి ఎత్తి అరిచాడు.

"ఆగు! ఆగు!"

నాకు చెవులు లేవు. కానీ రేకుంది. ప్రతి మాటా వచ్చి రేకుకి తగులుతుంది. అతను అన్నది ఆగు. రెండుసార్లూ ఆగు.

నాంచారయ్య చెవికి నా చిల్లు సైలెన్సరు మోత, పైన వాన, మధ్యలో అద్దం. వీటన్నిటినీ దాటుకుని వచ్చింది మాట తోక, ఆ ‘గు’ మాత్రమే. ముందు అక్షరం ఏమిటో తనే పెట్టుకున్నాడు. పని గట్టు చివరిదాకా వచ్చేసింది, ఇంకొక్క ఊపు ఉంటే అయిపోతుంది, ఆ క్షణంలో తను వెనక ఉంటే ఏమని అరుస్తాడో అదే వినపడింది. మనిషి చెవి ఎక్కువగా తన మాటే వింటుంది. కాలు నొక్కాడు.

నేను లాగాను. లాగడం నా పని. గొలుసు బిగిసింది, ముందు చక్రం పక్కకి జారింది, గట్టు విరిగింది, ట్రాక్టరు నిదానంగా, గేదె పక్కకి ఒరిగినంత నిదానంగా ఒరిగింది. చక్రం వెనక ఉన్న మనిషికి వెనక్కి పోవడానికి మురుగు కాలవ తప్ప ఇంకేం లేదు.

ట్రాక్టరు కింద నుంచి అతన్ని తీసి నా వీపు మీదే పడుకోబెట్టారు. తన చొక్కా మీదే. ఊళ్లోంచి తిరుపతమ్మ పరిగెత్తుకొచ్చి, వెనక చోటు లేక, డ్రైవరు వైపు తలుపు తీసుకుని సీటు మీదుగా లోపలికి పాకి కూర్చుంది. నాంచారయ్య ఎక్కి నన్ను తోలాడు. ఆస్పత్రి చేరేసరికి మాట్లాడ్డానికేం మిగల్లేదు.

తర్వాత స్టేషనులో నాంచారయ్యని అడిగారు. నన్ను అక్కడ చెట్టు కింద పెట్టారు, కిటికీ దగ్గరే.

"బావ లాగు అన్నాడండీ. లాగు, లాగు అని రెండుసార్లు అరిచాడు. అందుకే లాగాను."

ఆ మాట అన్నప్పుడు అతను అబద్ధం చెప్తున్నాడని నేను అనుకోను. అతనికి వినపడింది అదే. కానీ తర్వాత ప్రశ్న ఇంకోటి వచ్చింది.

"బండి అద్దం దించే ఉందా?"

"దించే ఉందండీ. ఎప్పుడూ దించే ఉంటది."

ఇది వేరే సంగతి.

బసవపూర్ణయ్య గారు కుర్చీలో కూర్చుని చెప్పారు. "నాకూ లాగు అనే వినపడిందండీ. మేస్త్రికి తొందరెక్కువ. నేను రేపు చూద్దాంలే అంటూనే ఉన్నా." అతన్ని గుంజు మేస్త్రి అని వెక్కిరించిన నోరే అది. మిగతా నలుగురూ తలలూపారు. ఊరంతటికీ అతని పేరు ఆ మాటే. ఆ మాటతో పిలిచినవాళ్లే, అతను ఇంకో మాట అన్నాడంటే తలలూపారు. ఒక్కడికైనా తట్టకపోవడం కాదు, ఎవడికి తట్టినా పక్కవాడి మొహం చూశాడు.

"ఏమ్మా, నువ్వేమన్నా చెప్తావా?" అని ఎస్సై తిరుపతమ్మని అడిగాడు.

ఆమె తమ్ముడి వైపు చూసింది.

"ఏం లేదండీ," అంది.

అలా తేలింది. మేస్త్రి తొందరపడి లాగమన్నాడు, లాగారు, పోయాడు. తప్పు మేస్త్రిదే. పాతికేళ్లు పనిచేసి ఒక్క ట్రాక్టర్ని కూడా పక్కకి పడనివ్వని మనిషి, చివరికి పని తెలియనివాడిగా పోయాడు.

తిరిగొచ్చేటప్పుడు అక్కా తమ్ముడూ ఇద్దరే నాలో ఉన్నారు. మురుగు కాలవ వంతెన దగ్గర ఆమె అంది.

"ఆపు."

ఆపాడు.

"మీ బావ ఏమన్నాడు?"

"చెప్పాను కదక్కా. లాగు..."

"మీ బావ నోట ఆ మాట ఎప్పుడన్నా విన్నావా నువ్వు?"

అతను స్టీరింగుకి అంటిన మట్టిని గోటితో గీకాడు.

"ఆ పేరు బండెనక రాయించింది నువ్వే గదరా."

"అక్కా..."

"ఆ రోజు నేనెక్కినప్పుడు నీ సీటు పొడిగా ఉంది. బయటంతా వాన. అద్దం ఎత్తుకున్నావు. కదా?"

అప్పుడు ఏడ్చాడు. తల నా స్టీరింగుకేసి కొట్టుకుంటూ ఏడ్చాడు. హారను మోగింది, మళ్లీ మోగింది. వంతెన మీద పోతున్న సైకిలు మనిషి దారిమ్మంటున్నారనుకుని పక్కకి తప్పుకున్నాడు.

ఆమె ఏడవలేదు. "జైలుకి పొమ్మనడం లేదు. మా అమ్మ కడుపునే పుట్టావు, ఆ మాట నేననలేను. స్టేషనులో చెప్పమనడం లేదు. ఊళ్లో చెప్పు. నలుగురిలో నిలబడి, మా బావ ఆగు అన్నాడు, నాకు సరిగ్గా వినపడలేదు అని చెప్పు. అంతే. ఆయనకి పని తెలీదని అంటున్నార్రా. పోయినోడికి ఇంకేం ఇయ్యగలం?"

"చెప్తానక్కా. పెద్దకర్మ రోజు అందరూ వస్తారు. ఆ రోజు చెప్తాను."

"ఒట్టేనా?"

"బావ మీద ఒట్టు."

పెద్దకర్మ షెడ్డు ముందే పెట్టారు. నన్ను పక్కకి నెట్టి టెంటు వేశారు, కాబట్టి నాకు అంతా కనపడింది. ఫొటోకి దండ. దండ చూస్తే నాకు చేపల ఆసామి గుర్తొస్తాడు. తుంగతుర్తి నుంచి సైదులు తల్లి, అన్న వచ్చారు. వాళ్లు ఒక మూల కూర్చున్నారు. వాళ్ల మాట వింటుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది, అచ్చం అతనే మాట్లాడుతున్నట్టుంది.

విస్తళ్లు వేశారు. బసవపూర్ణయ్య గారు కూర్చున్నారు, ఆయన పక్కన ఊరు కూర్చుంది. నాంచారయ్య వడ్డన మధ్యలో ఆగి, గరిటె గంగాళంలో పెట్టి, నిలబడ్డాడు. తిరుపతమ్మ గుమ్మంలోకి వచ్చింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ ఒక మాట..."

అందరూ తలలెత్తారు. నా బ్యాటరీలో చార్జి లేదు గానీ, ఉంటే హారను దానంతటదే మోగేది.

బసవపూర్ణయ్య గారు ముద్ద మధ్యలో ఆపి నిట్టూర్చారు. "నువ్వేం చెప్తావులే నాంచారూ, మాకు తెలీదా? నీ తప్పేం లేదు. పాపం మేస్త్రి నోటి మాటే మేస్త్రిని తీసుకుపోయింది. నువ్వు దిగులు పెట్టుకోమాక. షెడ్డు నడుపుకో, ఊరు నీ వెనకాలుంది."

"అంతేగా మరి," అన్నారు ఎవరో. "కూర్చోరా అబ్బాయ్."

ఊరు నీ వెనకాల ఉందంటే మనిషి ముందుకి నడవలేడు. నాంచారయ్య అక్క వైపు చూశాడు. ఊరి వైపు చూశాడు.

"ఒక మాటంటే... ఇంకాస్త పప్పు ఎవరికన్నా కావాలా అని."

గరిటె తీసుకున్నాడు.

నేను అతన్ని మంచివాడన్నాను. ఇప్పటికీ అదే అంటాను. దొంగయితే ఆ గరిటె అసలు కిందే పెట్టడు.

మర్నాడు తిరుపతమ్మ ఒక సంచి సర్దుకుంది. అత్తతో, బావగారితో తుంగతుర్తి వెళ్లిపోతానంది. కొర్లపాలెంలో పుట్టి, కొర్లపాలెంలోనే కాపురం చేసిన మనిషి. నాంచారయ్య నన్ను తోయించి స్టార్టు చేసి ఇంటి ముందు పెట్టాడు, బస్టాండుదాకా దింపుతానని. ఆమె గడప దిగి, నా తలుపు దాకా వచ్చి, తలుపు మీద చెయ్యి పెట్టి ఆగింది. ఎక్కలేదు. అద్దం వైపు చూసింది. అద్దం దించి ఉంది.

"నేనేం చెయ్యనక్కా?" అన్నాడు నాంచారయ్య. "నువ్వే వెళ్లిపోతే నాకెవరున్నారు?"

"ఊరుందిగా నీ వెనకాల."

"ఆ దేశంలో నువ్వేం బతుకుతావే? వాళ్ల మాటే నీకు సగం అర్థం కాదు."

"అక్కడ అందరూ గుంజు అంటార్రా," అంది. "ఎవరూ నన్ను ఆయనేమన్నాడని అడగరు."

సంచి భుజానికి తగిలించుకుని, అత్త చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. ముసలావిడ వెళ్తూ వెళ్తూ నా వెనక డోరు మీది అక్షరాలని వేళ్లతో తడిమింది. ఆమెకి చదువు రాదు. "గిదేం రాసిన్రు బిడ్డా?" అని కోడల్ని అడిగింది. కోడలు చెప్పింది. ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ వారంలోనే నాంచారయ్య నన్ను మళ్లీ పెయింటరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"అది తీసెయ్."

"ఏంటి, గుంజు మేస్త్రా? భలే పేరు బాబూ అది, జనానికి గుర్తు..."

"తీసెయ్యమన్నానా."

పెయింటరు పాత అక్షరాలు గీకకుండానే వాటి మీద నీలం రంగు పులిమి, ‘శ్రీ నాంచారయ్య ట్రాక్టర్ వర్క్స్’ అని రాశాడు. తొందర పనికి అంతకంటే ఎక్కువ చెయ్యడు ఎవడూ. దాంతో వంతెన మీద నాకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. అతనికి అంతా తెలుసు. తెలియనివాడికి ఆ పేరు చెరపాల్సిన అవసరమేముంది?

షెడ్డు ఎక్కువ కాలం నడవలేదు. ఊరు అతని వెనకాలే ఉంది, ట్రాక్టర్లూ వచ్చేవి. కానీ నా వెనక గొలుసు తగిలించి స్టీరింగు ముందు కూర్చుంటే అతని కాలు పనిచేసేది కాదు. వెనక నుంచి ఎవరైనా ‘లాగు!’ అని అరిస్తే బ్రేకు నొక్కేవాడు. ‘లాగవయ్యా!’ అని మళ్లీ అరిస్తే దిగిపోయి, కాలవ గట్టు మీద కూర్చునేవాడు. నడి వానలో కూడా అద్దం దించేవాడు, తడిసి ముద్దయ్యేవాడు. అప్పుడు వినడానికి ఏముంది, వెనక బావ లేడు. కొన్నాళ్లకి నన్ను ఇటుకల బట్టీకి అమ్మేశాడు. బట్టీవాళ్లు నా నడుం విరిచారు. వాళ్ల గురించి చెప్పడానికేం లేదు, వాళ్లు నా వెనక డోరు మీద ఏం రాసుందో కూడా చదవలేదు.

అలా ఇక్కడికి.

ఆటోనగర్ ఎండ గట్టిది. పైపూత రంగు ముందు పొక్కులు లేచింది, తర్వాత పొలుసులుగా రాలింది. నీలం రాలిపోయిన చోట పసుపు బయటపడుతోంది. మొన్న ఇద్దరు కూలీలు నన్ను కోసే చోటికి మార్చడానికి క్రేను తెచ్చారు. ఒకడు నా వెనక్కి వచ్చి గొలుసు తగిలిస్తూ ఆగాడు.

"ఏంటి బాబాయ్, గుంజు అని రాసుంది?"

"తెలంగాణ మాటలే. లాగు అని."

"లాగు అని రాసుకోవడమేంటి బండెనక? సరే, లాగమన్నాడుగా, లాగేద్దాం."

ఇద్దరూ నవ్వారు. అర్థం వరకూ అతను చెప్పింది నిజమే. రెండు మాటలకీ అర్థం ఒకటే.

క్రేను మొదలైంది. గొలుసు బిగిసింది. ఆ చుట్టూ సమ్మెటలు, గ్రైండర్లు, లారీల హారన్లు, పక్క కొట్టులో రేకులు కోసే మోత. మా కొర్లపాలెం వాన, నా చిల్లు సైలెన్సరు ఆ మోత ముందు ఏపాటివి? నేను ఇటుకల మీంచి లేచాను. అప్పుడు బాబాయి అనే పెద్దాయన కాలికి ఇటుక తట్టి నా కిందికి జారాడు.

"ఆగు!" అని అరిచాడు. ఒక్కసారే.

క్రేను మీద ఉన్నవాడు తల బయటపెట్టి కిందికే చూస్తున్నాడు.

ఆగాడు.